బ్లోయర్ నాలుగో నంబర్‌లోనే తిరుగుతోందా? మోటార్ కొనకముందు చూడాల్సినవి

పోయిన కార్తీకంలో మదనపల్లె నుంచి టమాటా ట్రేలు వేసుకుని తెల్లవారుజామున తిరుపతికి వస్తున్నాను. పీలేరు దాటి భాకరాపేట ఘాట్‌లోకి వచ్చేసరికి వాన పట్టుకుంది. క్యాబిన్‌లో ముగ్గురం ఉన్నాం, కిటికీలు మూసేశాం. అయిదు నిమిషాల్లో ముందు అద్దం లోపలి వైపు ఆవిరి కమ్మేసింది. బ్లోయర్ నాబ్ ఒకటిలో పెడితే ఉలుకూ పలుకూ లేదు. రెండులో లేదు, మూడులోనూ లేదు. నాలుగుకు తిప్పితే మాత్రం పిండిమర ఆడించినంత మోత. ఆ మోతలోనే ఘాట్ దిగాం.

తిరుపతి ఎండలకు హీటర్ ఎవరికి కావాలి, బ్లోయర్ పోతే ఏమైంది అనుకునేవాళ్లు ఉంటారు. కానీ పాత పికప్‌లలో హీటర్‌కు, ఏసీకి, అద్దం మీది ఆవిరి తుడిచే గాలికి ఉండేది ఒకటే బ్లోయర్. అది మొరాయిస్తే వేసవిలో ఏసీ దండగ, వానల్లో అద్దం కనిపించదు. ఇంకో సంగతి. మన దగ్గర దుమ్ముకు భయపడి లోపలి గాలినే తిప్పే మీటను ఏడాదంతా అలాగే వదిలేస్తారు. ఆవిరి పట్టినప్పుడు దాన్ని బయటి గాలి వైపుకు మార్చాలి. ఏసీ ఉంటే ఆన్ చేయాలి, హీటర్ పనిచేస్తుంటే కొంచెం వేడి కూడా కలపాలి. సగం బండ్లకు ఇది చాలు, రిపేరే అక్కర్లేదు.

నా బండికి అది చాలలేదు. మర్నాడు ఒక ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్తే, నాబ్ రెండు సార్లు తిప్పి చూసి, "మోటర్ పోయిండాది సామీ, మార్చాల్సిందే" అన్నాడు. వోల్టులు, ఓమ్‌లు కొలిచే మల్టీమీటర్ బయటికి తీయలేదు. నేనూ అడగలేదు. కొత్త మోటార్ వేశాక కూడా ఒకటి, రెండు, మూడు తిరగలేదు. నాలుగు మాత్రం అంతకుముందులాగే తిరిగింది. పాత మోటార్ ఇప్పటికీ ఇంట్లో ఉంది, బ్యాటరీకి తగిలిస్తే బంగారంలా తిరుగుతుంది. మోటార్, రెసిస్టర్, స్విచ్, వైరింగ్ అనే నాలుగింటిలో దేని మీద డబ్బు పెట్టాలో తేల్చుకోవడం అప్పటి నుంచి నేర్చుకున్నాను. ఇక్కడ చెప్పేది చేత్తో తిప్పే నాబ్ ఉన్న పాత బండ్ల సంగతి. డిజిటల్ డిస్‌ప్లే ఉన్న ఆటోమేటిక్ ఏసీ బండ్లలో రెసిస్టర్ బదులు ట్రాన్సిస్టర్ మాడ్యూల్ ఉంటుంది, దాని దారి వేరు.

ఏ నంబర్లు పోయాయో ముందు రాసుకోండి

బండి స్టార్ట్ చేసి, ఒక్కో నంబర్ దగ్గర పది సెకన్లు ఆగి, తిరుగుతోందో లేదో కాగితం మీద రాయండి. సగం జవాబు ఇక్కడే ఉంటుంది.

నాబ్ నాలుగులో ఉంటే మోటార్‌కు పూర్తి కరెంటు నేరుగా అందుతుంది. మిగతా మూడింటిలో దారిలో రెసిస్టర్ అడ్డుంటుంది. రెసిస్టర్ అంటే స్ప్రింగుల్లా చుట్టిన తీగలున్న చిన్న ముక్క. కొన్ని బండ్లలో తీగలకు బదులు చిన్న పలకలా ఉంటుంది. ఎక్కువ బండ్లలో ఈ చుట్లు గొలుసులా ఒకదాని తర్వాత ఒకటి కలిసి ఉంటాయి. మూడో నంబర్ ఒక చుట్టు దాటి పోతుంది, రెండో నంబర్ రెండు చుట్లు, ఒకటో నంబర్ మూడూ దాటాలి. దీంతోపాటు ఎక్కువ వేడెక్కితే తెగిపోయే థర్మల్ ఫ్యూజ్ ఒకటి చాలా వాటిలో ఉంటుంది.

ఇది అర్థమైతే కాగితం మీది గుర్తులు వాటంతటవే మాట్లాడతాయి. ఒకటి, రెండు, మూడు కలిసి పోయి నాలుగు మాత్రం తిరిగితే అనుమానం మొదట రెసిస్టర్ మీద, ముఖ్యంగా థర్మల్ ఫ్యూజ్ మీద పెట్టుకోండి. నాలుగులో జోరుగా తిరుగుతున్న మోటార్‌ను మార్చమనేవాడికి డబ్బివ్వకండి, నాలాగా. ఒకటి మాత్రమే పోయినా, ఒకటీ రెండూ పోయినా రెసిస్టర్‌లో చివరి చుట్లు తెగి ఉండొచ్చు. అయితే రెండు ఒక్కటే పోయి, ఒకటి, మూడు తిరుగుతుంటే మాత్రం, ఈ గొలుసు రకంలో తప్పు రెసిస్టర్ చుట్లది కాదు. ఒకటో నంబర్ కరెంటు ఆ చుట్టు దాటే వస్తోంది కదా, అది తెగితే ఒకటీ పోవాలి. అప్పుడు స్విచ్ లోపలి కాంటాక్టో, ఆ నంబర్ వైరో చూడాలి. దీనికి తిరగేసి, ఒకటి నుంచి మూడు దాకా బాగుండి నాలుగు మాత్రమే పోతే రెసిస్టర్‌ను ముట్టుకోకండి. నాలుగో నంబర్‌కు విడిగా రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్, ఉన్న బండ్లలో ఆ రిలే, లేనివాటిలో స్విచ్, ఆ వైరు చూడండి.

ఏ నంబర్‌లోనూ కదలకపోతే ఫ్యూజ్, రిలే, ఎర్త్ వైరు (బండి బాడీకి బిగించే మైనస్ వైరు), ఆ తర్వాతే మోటార్. అన్ని నంబర్లలోనూ తిరుగుతూ గాలి మాత్రం నీరసంగా వస్తుంటే ఇంకో కథ, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఒక పొరపాటు చాలామంది చేస్తారు. చాలా బండ్లలో బ్లోయర్ ఆన్ అయితేనే ఏసీ కంప్రెసర్‌కు అనుమతి అందుతుంది. కింది నంబర్లు చచ్చిపోయి ఉంటే చల్లదనం రాదు, మనమేమో గ్యాస్ అయిపోయిందనుకుని గ్యాస్ కొట్టిస్తాం. గాలే రానప్పుడు గ్యాస్ సంగతి ఎందుకు?

రెసిస్టరా, మోటారా

మోటార్, రెసిస్టర్, స్విచ్, వైరింగ్‌లలో ఎక్కువగా పోయేది రెసిస్టర్. దాని ధర మోటార్ ధరలో చిన్న వంతే. మార్చడమూ సులువే. చాలా బండ్లలో గ్లవ్ బాక్స్ వెనక గాలి గొట్టానికే రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. గాలి గొట్టంలోనే ఎందుకు పెట్టారంటే, చల్లబడటానికి.

లెక్క చూడండి. ఒకటో నంబర్‌లో రెండు ఓమ్‌ల రెసిస్టర్ గుండా నాలుగు ఆంపియర్లు పోతున్నాయనుకుందాం. 12 వోల్టుల్లో 8 వోల్టులు అక్కడే ఖర్చవుతాయి, మోటార్‌కు మిగిలేది 4. అంటే 32 వాట్ల వేడి ఆ చిన్న ముక్క మీద. మోటార్ బుష్‌లు, అంటే ఇరుసు తిరిగే రింగులు, బిగుసుకుని, నాలుగు బదులు అయిదు ఆంపియర్లు లాగితే అదే రెసిస్టర్ మీద 50 వాట్లు. ఒక ఆంపియర్ పెరిగితే వేడి సగానికి పైగా పెరిగింది. అందుకే కొత్త రెసిస్టర్ వేసిన కొన్నాళ్లకే మళ్లీ కాలితే తప్పు రెసిస్టర్‌ది కాకపోవచ్చు, దాని వెనకున్న మోటార్‌ది కావచ్చు.

నాకు జరిగింది ఇంకో రకం. కొత్త మోటార్, కొత్త రెసిస్టర్ వేశాక కూడా నెలన్నరకు మళ్లీ కింది నంబర్లు పోయాయి. ఈసారి విప్పి చూస్తే రెసిస్టర్ కూర్చునే గొట్టం నిండా చింతాకు. ఇంటి ముందు చింతచెట్టు కింద బండి పెడతాను. ఆ సన్నటి ఆకులు అద్దం కిందున్న జాలీలోంచి జారి లోపలికి పోతాయి. కూలింగ్ కాయిల్ ముఖం మీద మెత్తటి దుప్పటిలా పరుచుకున్నాయి. ఇక్కడ ఒక తమాషా ఉంది. గాలి దారి మూసుకుపోతే ఈ రకం ఫ్యాన్ ఎక్కువ కరెంటు లాగదు, తక్కువ లాగుతుంది, కాస్త వేగంగా కూడా తిరుగుతుంది. ఫ్యాన్ బాగానే తిరుగుతోందనుకుంటాం. కానీ రెసిస్టర్ మీదుగా గాలి పోక, అది తన వేడికి తానే మాడుతుంది. వేపచెట్టు కింద పెట్టేవాళ్లకూ, ఎలుకలు గూడు పెట్టిన బండ్లకూ ఇదే గతి.

కాబట్టి నా సలహా ఇది. గుర్తులు రెసిస్టర్ వైపు చూపిస్తే రెసిస్టరే మార్చండి, మోటార్ జోలికి పోకండి. కానీ దాన్ని విప్పిన రోజే ఇంకో మూడు పనులు చేయండి. గొట్టంలో టార్చ్ వేసి చెత్త చూడండి. బ్యాటరీ మైనస్ తీసేసి ఫ్యాన్‌ను వేలితో తిప్పి, తేలిగ్గా తిరిగి మెల్లగా ఆగుతోందో, గరగరమంటూ టక్కున ఆగుతోందో చూడండి. కప్లర్‌ను, అంటే రెసిస్టర్‌కు గుచ్చే ప్లాస్టిక్ సాకెట్‌ను, వెలుతురులో పరీక్షగా చూడండి. ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, ఒక పిన్ చుట్టూ కరిగినా, కొత్త రెసిస్టర్‌ను ఆ పాత కప్లర్‌కు గుచ్చడం దండగ. వదులైన పిన్ దగ్గర పుట్టే వేడి కొత్తదాన్నీ తినేస్తుంది. వైరు తోకలతో వచ్చే కొత్త కప్లర్ వేయించి, జాయింట్లు మెలిపెట్టి టేపు చుట్టడం కాకుండా గట్టిగా క్రింప్ చేయించండి, అంటే లోహపు గొట్టంలో పెట్టి నొక్కించండి.

రెసిస్టర్‌ను తీసే ముందు బండి ఆపి కాసేపు ఆగండి, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. తీసినదాన్ని మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో పెట్టి పిన్నుల మధ్య కొలవండి. బాగుంటే ఒకటి రెండు ఓమ్‌లో, ఇంకా తక్కువో చూపిస్తుంది. తెగితే ఓమ్‌ల లెక్క రాదు, మీటర్ OL అనో ఒట్టి 1 అనో చూపిస్తుంది. ముందు మీటర్ తీగలు రెండూ ఒకదానికొకటి తాకించి చూడండి, వాటి సొంత రెసిస్టెన్స్ కొంత కనిపిస్తుంది, అది తీసేసి లెక్కేయండి.

మోటార్ మీద తీర్పు చెప్పేముందు

మోటార్ నిజంగా పోయిందనడానికి కొన్ని గుర్తులుంటాయి. నిద్రపోతున్న మోటార్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తడితే లేచి తిరిగితే లోపల కార్బన్ బ్రష్‌లు అరిగాయి. స్టార్ట్ చేయగానే కీచుమని అరిచి, వేడెక్కాక తగ్గితే బుష్‌లు ఎండిపోయాయి. అన్ని నంబర్లలోనూ నీరసం అంటే మాత్రం తొందరపడకండి, అది మోటార్ కావచ్చు, వైరింగూ కావచ్చు.

ఈ రెండింటినీ విడదీయడానికి నమ్మకమైన పద్ధతి, మోటార్ తిరుగుతుండగా దాని రెండు టెర్మినల్స్ మధ్య వోల్టేజీ కొలవడం. ఇంజిన్ ఆన్‌లో, నాబ్ నాలుగులో ఉంచండి. బ్యాటరీ దగ్గర 14 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది. మోటార్ దగ్గర 13 కన్నా ఎక్కువ వస్తూ కూడా నీరసంగా తిరిగితే తప్పు మోటార్‌దే. 10 వోల్టులే వస్తుంటే మోటార్ పాపం ఆకలితో ఉంది, మిగతా నాలుగు వోల్టులు దారిలో ఎవరో తింటున్నారు. మీటర్ ఒక కాలు మోటార్ మైనస్ మీద, రెండో కాలు బ్యాటరీ మైనస్ మీద పెట్టండి. అర వోల్టో ఒక వోల్టో చూపిస్తే ఆ వైపు దారి బాగోలేదు. ఎర్త్ బోల్టు తుప్పు పట్టిందేమో చూసి గీకి బిగించండి, నాబ్ మైనస్ వైపున, అంటే మోటార్‌కూ ఎర్త్‌కూ మధ్య, ఉండే బండి అయితే స్విచ్‌నూ అనుమానించండి. అదే ప్లస్ వైపు చూస్తే ఫ్యూజ్ హోల్డరో, రిలేనో, కప్లరో దొరుకుతుంది.

కప్లర్ ఊడదీసి, అందులో మీటర్ పెట్టి "12 వస్తోంది కదా, వైరింగ్ బాగుంది" అనేవాళ్లను నమ్మకండి. ఒక్క పోగు మీద వేలాడుతున్న వైరు కూడా మీటర్‌కు 12 చూపిస్తుంది. మోటార్ పదీ పదిహేను ఆంపియర్లు లాగినప్పుడే దాని బండారం బయటపడుతుంది. మీటర్ లేకపోతే హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టిన టెస్ట్ లాంప్ ఇంకా మేలు, అది కరెంటు లాగుతుంది కాబట్టి అబద్ధం చెప్పదు.

కరెంటు కొలవాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. మామూలు మల్టీమీటర్ పది ఆంపియర్లకు మించి తట్టుకోదు, బ్లోయర్ వైరు మధ్యలో పెడితే మీటర్ లోపలి ఫ్యూజ్ పోతుంది. వైరు చుట్టూ పట్టుకునే క్లాంప్ మీటర్ కావాలి. అదీ డీసీ ఆంపియర్లు కొలిచేదై ఉండాలి. చౌకగా దొరికే క్లాంప్ మీటర్లు చాలావరకు ఇంటి కరెంటుకే, బండికి పనికిరావు.

మోటారే అని తేలితే బాగు చేయించాలా, కొత్తది కొనాలా? కేసు విప్పడానికి వీలుండి, లోపల కమ్యుటేటర్ అంటే బ్రష్‌లు రాసుకునే రాగి భాగం గాడి పడకుండా ఉంటే, బ్రష్‌లు, బుష్‌లు మార్పించడం మంచి బేరం. వైండింగ్, అంటే మోటార్ లోపలి రాగి తీగ చుట్లు, కాలిన వాసన వస్తే రీవైండింగ్‌కు ఒప్పుకోను. బ్యాలెన్స్ తప్పి వణుకుతుంది, ఆ వణుకు డ్యాష్‌బోర్డంతా పాకుతుంది. గుజిరీ అంగడిలో దొరికే పాత మోటార్ అయితే అక్కడే బ్యాటరీకి తగిలించి, శబ్దం విని, ఇరుసు ఆడించి చూసి తీసుకోండి. వేయించాక గాలి మునుపటికన్నా తగ్గిందనిపిస్తే ప్లస్ మైనస్ తారుమారైందేమో చూడండి. ఈ రకం ఫ్యాన్ తిరగేసి తిరిగినా గాలి ముందుకే వస్తుంది, కాకపోతే బలహీనంగా. అందుకే ఎవరూ కనిపెట్టరు.

స్విచ్ సంగతి

దీని గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. నాబ్‌ను అటూ ఇటూ కదిపితే గాలి వచ్చిపోతున్నా, నాబ్ చుట్టూ వేడి తెలుస్తున్నా, కాలిన ప్లాస్టిక్ వాసన వస్తున్నా స్విచ్ మార్చండి. గీకి, స్ప్రే కొట్టి నడిపించొచ్చు గానీ కాంటాక్టు ఒకసారి మాడితే మళ్లీ మాడుతుంది. కొందరు రెసిస్టర్ పిన్‌ను వైరుతో ఎర్త్‌కు తాకించి స్విచ్‌ను పరీక్షిస్తారు. నాబ్ మైనస్ వైపున ఉండే బండ్లలోనే అది సరైన పద్ధతి. ప్లస్ వైపున ఉండే బండిలో చేస్తే నిప్పురవ్వలే. మీ బండి ఏ రకమో తెలియకపోతే ఆ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

కంపెనీదా, లోకల్‌దా, డైరెక్టా

రెసిస్టర్‌కు నేను కంపెనీ పార్టే తీసుకుంటాను. లోకల్‌వి కొన్నింటిలో థర్మల్ ఫ్యూజే ఉండదు, చూడటానికి మాత్రం అచ్చం అలాగే ఉంటాయి. కొనేటప్పుడు పాతది పక్కన పెట్టి పిన్నుల వరస, చుట్ల లావు పోల్చండి. మోటార్‌కైతే పేరున్న లోకల్ తయారీ పర్వాలేదు. స్విచ్ గుజిరీలో దొరికినా సరే. కప్లర్ మాత్రం పాతది ఎప్పుడూ తీసుకోవద్దు.

పాత మోడల్ కాబట్టి రెసిస్టర్ ఎక్కడా దొరకదనుకోండి, అప్పుడు మూడు మాటలు వినిపిస్తాయి. మొదటిది, థర్మల్ ఫ్యూజ్‌ను దాటేసి తీగ అతికించడం. ఇది చేయించుకోకండి. ఫ్యూజ్ తెగకపోతే వేడి ఎక్కడికి పోతుంది? గొట్టం ప్లాస్టిక్‌ది, దాని పక్కనే చింతాకు. అలాగే 30 ఆంపియర్ల ఫ్యూజ్ ఊరికే పోతోందని దాని చోట తీగ పెట్టేవాళ్లూ ఉంటారు. రెండోది, అన్నీ తీసేసి నాలుగో నంబర్‌కు డైరెక్ట్ ఇవ్వడం. రిలే, ఫ్యూజ్ పెట్టి చేస్తే ప్రమాదమేమీ లేదు, మామిడి సీజన్‌లో రోజూ చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల ముందు వరసలో గంటలు నిలబడే బండికి కొన్ని రోజులు నడిపించుకోవచ్చు. కాకపోతే ఆ మోతకు తలనొప్పి, మోటార్‌కు అరుగుదల. మూడోది, చిన్న ఎలక్ట్రానిక్ స్పీడ్ కంట్రోలర్ బోర్డు పెట్టించడం. కనీసం 20 ఆంపియర్లు తట్టుకునేది, అల్యూమినియం రెక్కలు ఉన్నది తీసుకోవాలి, తడి తగలని చోట బిగించాలి. రేడియోలో గురగుర వస్తే ఓర్చుకోవాలి. పార్టు దొరకనివాళ్లకు ఈ మూడింటిలో నేను చెప్పేది ఇదే.

ఎవరి దగ్గరికి వెళ్లాలి అంటే, నంబర్ల సమస్యకు ఏసీ మెకానిక్ కన్నా ఆటో ఎలక్ట్రీషియన్ మేలు. గాలి బాగా వస్తూ చల్లబడకపోతే ఏసీ మెకానిక్. గాలి వేడెక్కకపోతే అది బ్లోయర్ సంగతే కాదు, ఇంజిన్ నీళ్లు, హీటర్ పైపుల సంగతి. కొన్ని పాత బండ్లలో లీకు పెట్టిందని ఆ పైపులను ఎప్పుడో బైపాస్ చేసేసి ఉంటారు, బానెట్ ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ఎవరి దగ్గరికి వెళ్లినా ఆ కాగితం చేతికిచ్చి, "అన్నా, డ్యాష్‌బోర్డు విప్పకముందు మోటార్ దగ్గర వోల్టేజీ ఒకసారి చూపించు" అని అడగండి. విసుక్కుంటే ఇంకో అంగడి చూసుకోండి.

నా బండికి ఇప్పుడు అద్దం కింది జాలీకి లోపలి నుంచి దోమతెర ముక్క కట్టాను. మొదట మరీ సన్నటిది కడితే గాలే తగ్గింది, విప్పేసి కాస్త పెద్ద కళ్లున్నది కట్టాల్సి వచ్చింది. నెలకోసారి పైన పేరుకున్న చింతాకును చేత్తో ఊడ్చేస్తే సరిపోతోంది. బండి మాత్రం ఆ చెట్టు కిందే ఉంటుంది, మే నెలలో ఆ నీడ వదులుకోవడం నా వల్ల కాదు.